ఒకరోజు ముందు

ఓడ ఎక్కబోయేవాళ్లకు అందరూ చెప్పే మొదటి జాగ్రత్త ఒకటుంది. ఓడ బయల్దేరే రోజునే విమానమెక్కి రేవుకు పోవద్దు, ఒకరోజు ముందే చేరుకోండి అని. చలికాలమైతే మరీ ముఖ్యం. విమానం తప్పితే ఇంకో విమానం దొరుకుతుంది. ఓడ తప్పితే ఇంకో ఓడ ఉండదు. ఈ జాగ్రత్తను 2022 నవంబరులో, మల్యాలలో మా ఇంటి వాకిట్లో కూచుని అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తలెత్తకుండానే, "ఆ ఒక్కరోజు యాడికెల్లి తేవాలె బిడ్డా?" అంది.

సాహిత్యంలో డాక్టరేటు ఉన్న నాకు ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

అమ్మకు ఆ ఏడాదే యాభై ఎనిమిది నిండాయి. బీడీల పీఎఫ్ డబ్బు చేతికొచ్చింది. పద్నాలుగో ఏట తునికాకు కత్తిరించడం మొదలుపెట్టిన మనిషికి తన పేరు మీద మొదటిసారి వచ్చిన పెద్ద మొత్తం అది. పీఎఫ్ వచ్చాక కార్డు పోయింది కానీ పని పోలేదు. వదిన కార్డు మీద చుడుతూనే ఉంది. ఆ డబ్బుతో బోరు వేయించాలని అన్న అనుకున్నాడు. మిద్దె మీద ఒక గది వేస్తే బాగుంటుందని బంధువులన్నారు. అమ్మ వారం రోజులు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నాకు ఫోన్ చేసి, "మీ బాపు జెప్పిన తెల్ల ఓడ ఎక్కుదామా?" అని అడిగింది.

బాపు దుబాయ్‌లో పంతొమ్మిదేళ్లు పనిచేశాడు. 1987లో మొదటిసారి పోయినప్పుడు మా వైపు వాళ్లకు గల్ఫ్ దారి బొంబాయి మీదుగానే. జగిత్యాలలో బస్సెక్కి బొంబాయి చేరి, టికెట్ అయ్యేదాకా ఏజెంటు చూపించిన గదిలో పదిమందితో కలిసి పడుకోవాలి. బాపు ఆ గదిలో ఇరవై రెండు రోజులున్నాడు. దుబాయ్ చేరాక పోర్ట్ రషీద్ పక్కన ఓడలు బాగుచేసే యార్డులో పెయింటర్ల దగ్గర హెల్పరు. ఓడ కడుపుకు పట్టిన తుప్పు గీకడం, రంగు పూయడం. పోర్ట్ రషీద్ 1972లో మొదలైన సరకు రేవు. అక్కడ ప్రయాణికుల ఓడలకు విడిగా టెర్మినల్ 2001లో వచ్చింది. ఆ తర్వాత ప్రతి చలికాలం సెలవు మీద వచ్చినా, ఫోన్ చేసినా తెల్ల ఓడల మాటే. "ఊరంత ఉంటది. పొద్దుందాక లైట్లు బందుగావు" అనేవాడు. ఆయన 2006లో తిరిగొచ్చాడు, 2017లో పోయాడు. తెల్ల ఓడ మాత్రం అమ్మ దగ్గర ఉండిపోయింది.

ఓడ దొరికింది. శనివారం సాయంత్రం ఐదింటికి దుబాయ్‌లో బయల్దేరి, అబుదాబి, సర్ బనియాస్ దీవి చూపించి, మంగళవారం పొద్దున మళ్లీ దుబాయ్‌లో దించుతుంది. మూడు రాత్రులు. కిటికీ లేని లోపలి గది తీసుకుంటే పీఎఫ్‌లో కొంత మిగులుతుంది కూడా. దొరకనిది ఓడ కాదు, రోజులు.

మంచంలో నాయినమ్మ ఉంది. ఎనభై అయిదేళ్లు. తుంటి విరిగి మూడో ఏడు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. రాత్రి రెండుసార్లు లేవాలి. బర్రె ఉంది. వారానికోసారి కార్ఖానాలో లెక్క అప్పజెప్పాల్సిన బీడీలున్నాయి. అమ్మ శుక్రవారం సాయంత్రం బయల్దేరి బుధవారం పొద్దున ఇల్లు చేరేట్టు అయిదు రోజులు కావాలి. ఆ అయిదు రోజులు ఎలా తయారయ్యాయో నా కళ్లముందే జరిగింది. కోరుట్ల నుంచి మేనత్త వచ్చి మూడు పగళ్లు ఉంటుంది. పక్కింటి అక్క బర్రె పాలు పిండుతుంది. మిగతావన్నీ, అయిదు రాత్రులతో సహా, వదిన. ఇన్ని ముక్కలు కుట్టి అయిదు రోజుల బొంత తయారుచేశాం. దానికి ఆరో రోజు అతకాలంటే గుడ్డ లేదు. "అయిదు రోజులు తక్కువనా అమ్మా?" అన్నాడు అన్న. చెడ్డవాడేం కాదు. నాయినమ్మ వాళ్లందరి లెక్కలోనూ ఉంది, అన్న లెక్కలో మాత్రం అమ్మ ఉంది.

అందుకని అన్నీ తెలిసిన నేను చేయకూడదన్న పనే చేశాను. శనివారం తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి శంషాబాదులో లేచే విమానానికి టికెట్లు కొన్నాను. నాలుగు గంటల ప్రయాణం. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. ఏడు లోపు దిగుతాం. మధ్యాహ్నం మూడున్నరకు ఓడ ఎక్కడం మూసేస్తారు. ఎనిమిదిన్నర గంటలు చేతిలో ఉంటాయి కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఓడ ఎందుకు ఆగదో కూడా అప్పటికి తెలుసుకున్నాను. ఎక్కినవాళ్ల పేర్ల జాబితా ముందుగా రేవు అధికారులకు ఇవ్వాలి, అది మూసుకున్నాక కొత్త పేరు చేరదు. ఓడను రేవు దాటించే పైలట్‌కు వేళ ఉంటుంది. ఓడ ఖాళీ చేసే చోటుకు ఇంకో ఓడ రావచ్చు. తర్వాతి రేవులోనూ వేళ చెప్పి ఉంచుతారు. సొంతంగా విమానం టికెట్ కొనుక్కున్నవాళ్లు రాలేదని వేలమందిని ఆపరు. న్యాయమే. కానీ ఆ న్యాయం వింటున్నప్పుడు, ఎవరూ రానిదే కదలకుండా జీవితమంతా ఆగి ఉన్న మనిషి నా ఎదురుగా బీడీలకు దారం చుడుతోంది.

2023 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం. మల్యాల చౌరస్తా దాటి కరీంనగర్ రోడ్డెక్కేముందు అమ్మ కొండగట్టు వైపు తిరిగి దండం పెట్టుకుంది. రాత్రి పదిన్నరకు శంషాబాదు చేరాం. ఈ విమానాశ్రయం లోపలికి ఆమె రావడం అదే మొదటిసారి. బాపు వచ్చిపోయిన రోజుల్లో బొంబాయి, తర్వాత బేగంపేట. ఎక్కించడానికి అన్నో, బాబాయో పోయేవారు. అమ్మ ఎప్పుడూ వాకిట్లోనే ఆగిపోయింది.

అమ్మ అయిదో తరగతిదాకా చదివింది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టు మీద, గల్ఫ్‌తో కలిపి పద్దెనిమిది దేశాలకు పనికి పోవాలంటే తనిఖీ అవసరమని ముద్ర ఉంటుంది. యాభై దాటినవాళ్లకు అది ఉండదు. అందుకే అమ్మ పాస్‌పోర్టు మీద ముద్ర లేదు. చదువు ఇప్పించలేని వెసులుబాటు వయసు ఇప్పించింది. ఎందుకు పోతున్నారని కౌంటరులో అడిగితే "సూసి అచ్చెటందుకు" అంది. కౌంటరులో ఉన్నతను రెండోసారి ఆమె మొహం చూశాడు. దుబాయ్‌కి జగిత్యాల జిల్లా నుంచి చూసిరావడానికి పోయే ఆడమనిషి అతనికి ఎక్కువగా తగిలి ఉండదు.

మూడింటికి గేటు దగ్గర ప్రకటన వచ్చింది. దుబాయ్‌లో దట్టమైన పొగమంచు, అక్కడ దిగడానికి అనుమతి రాలేదు, మళ్లీ తెలియజేస్తామని. అద్దాల్లోంచి చూస్తే శంషాబాదు ఆకాశం కడిగినట్టుంది. చుక్కలు కనిపిస్తున్నాయి. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎడారిలో పొగమంచేమిటి? ఫోన్ తీసి వెతకడం, కౌంటరు దగ్గరికి పరుగెత్తడం, మళ్లీ వచ్చి కూచోవడం, మళ్లీ లేవడం. అమ్మ కుర్చీలో కాళ్లు ముడుచుకుని, శాలువా కప్పుకుని, "ఊకెందుకు తిరుగుతవు? మంచు గదా. తొమ్మిదింటికి పోతది" అంది.

"నీకెట్ల తెలుసు?"

"మీ బాపు జెప్పిండు."

నేను చిన్నప్పుడు బాపు టేపు క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి ఊరికి వచ్చేవాళ్లతో పంపేవాడు. అమ్మ రాత్రి పని అయ్యాక పెట్టుకుని వినేది. వాటిలో నాకు గుర్తున్నవి డబ్బు లెక్కలు, నా చదువు సంగతి. అమ్మకు గుర్తున్నవి వేరు. చలికాలం పొద్దున్నే సముద్రం మీదినుంచి మంచు వచ్చి యార్డును కప్పేస్తుందని, పక్కనే ఉన్న క్రేను కనబడదని, తొమ్మిదింటిదాకా పైకెక్కనివ్వరని, ఆ ఆగిన గంటలు సాయంత్రం పూడ్చుకోవాలని బాపు ఒక క్యాసెట్‌లో చెప్పాడట. పుస్తకాలు చెప్పేదీ అదే. సముద్రం మీది తేమగాలి రాత్రికి చల్లబడ్డ నేల మీదికొచ్చి, గాలి కదలక నిలిచిపోతే పొగమంచవుతుంది. ఎండ వచ్చి నేల వేడెక్కితే కరిగిపోతుంది.

ఆరయింది. ఏడయింది. ఎనిమిది. పిల్లలు ఏడుస్తున్నారు. కొత్తగా పనికి పోతున్న కుర్రాళ్లు ఒకే రకం సంచులతో నేలమీద వరుసగా పడుకున్నారు. నా గడియారంలో తొమ్మిది దాటింది. తొమ్మిదింపావు. అప్పుడు నాకు కోపం వచ్చింది. అమ్మ మీద, బాపు క్యాసెట్ మీద, ఆ అయిదు రోజుల మీద. "తొమ్మిదన్నవు గదా" అన్నాను గట్టిగానే.

అమ్మ నావైపు జాలిగా చూసింది. "మన తొమ్మిది గాదే. ఆళ్ల తొమ్మిది."

బాపు ఫోన్ చేసేది శుక్రవారం, ఆయన సెలవు రోజు. అక్కడ పది గంటలకు చేస్తే ఇక్కడ పదకొండున్నరకు పక్కవాళ్లింట్లో మోగేది. ఆ గంటన్నర లెక్క అమ్మ పంతొమ్మిదేళ్లు కట్టింది. నేనది ఆ రోజు పొద్దున ఫోన్‌లో చూసి తెలుసుకుని, కంగారులో మర్చిపోయాను. మన గడియారంలో పదీ ఇరవైకి పిలుపు వచ్చింది. విమానం లేచేసరికి పదకొండు.

దుబాయ్‌లో దిగేసరికి అక్కడి ఒకటిన్నర. పొగమంచు ఆనవాలు లేదు, తెల్లటి ఎండ. పొద్దున్నుంచి ఆగిపోయిన విమానాలన్నీ ఒకేసారి దిగినట్టున్నాయి, వరుసలు కదలవు. రెండున్నరకు బయటపడ్డాం. వదిన సర్దిన చిన్న సంచి తప్ప మరేమీ లేకపోవడం మమ్మల్ని కాపాడింది. పెద్ద పెట్టె ఉంటే దానికోసం ఇంకో అరగంట పోయేది. టాక్సీ అతను ఏ పోర్టు అని అడిగాడు. 2021 నుంచి దుబాయ్ హార్బర్‌లో కూడా ఓడలు ఆగుతున్నాయి, అది ఇంకోవైపు చాలా దూరం. నేను కాగితం వెతికేలోపు అమ్మ వెనక సీట్లోంచి, "రషీద్ పోర్ట్, భయ్యా, జల్దీ" అంది. మూడింటికి టెర్మినల్‌లో ఉన్నాం. అరగంట మిగిలింది.

ఓడలోకి పోయే వంతెన మీద అమ్మ ఆగింది. వెనకవాళ్లు తోసుకొస్తున్నారు. ఆమె పైకి చూడలేదు, పక్కకు వంగి ఓడ ఒంటిని చూస్తోంది. తెల్లరంగు, అతుకుల దగ్గర గీతలు. "మంచిగనే ఏసిండ్రు" అంది. అప్పుడు లోపలికి నడిచింది.

ఓడ గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. సముద్రం ఉంది, తిండి ఉంది, రాత్రంతా బాపు చెప్పిన లైట్లున్నాయి. సాయంత్రం పోర్ట్ రషీద్ దాటుతుంటే యార్డు క్రేన్లు కనిపించాయి. అమ్మ అవి కనుమరుగయ్యేదాకా నిలబడింది, ఏమీ అనలేదు. నేను అడగలేదు. రోజూ నాలుగున్నరకే లేచి కూచునేది. గది శుభ్రం చేసే అమ్మాయి వచ్చేలోపు పక్కబట్టలు తనే సర్దేసేది. ఆ అమ్మాయిది ఫిలిప్పీన్స్. తొమ్మిది నెలల ఒప్పందం, నాలుగేళ్ల కొడుకు తల్లి దగ్గర ఉన్నాడు. నేను మాటలు అటూ ఇటూ చెబుతుంటే అమ్మ విన్నది. తర్వాత, "పిలగాడు వాళ్లమ్మ కాడున్నడంటే, గామె యాడికీ పోరాదు గదా" అంది. ఆ దేశంలోనూ ఒక వాకిలి, ఒక ముసలామె ఆమెకు వెంటనే కనిపించారు.

నా సిద్ధాంత గ్రంథంలో స్త్రీల యాత్రా రచనల మీద ఒక అధ్యాయం ఉంది. పోతం జానకమ్మ ఇంగ్లండు పోయి రాసిన పుస్తకం 1876లో మద్రాసులో ఇంగ్లీషులో వచ్చింది. సముద్రం దాటడమే తప్పనుకునే కాలంలో ఓడెక్కిన తెలుగు స్త్రీ ఆమె. విద్యార్థినులను వెంటబెట్టుకుని కాశ్మీరు పోయిన నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' రాసింది. వాళ్లు ఏం చూశారో, చూసినదాన్ని మగవాళ్ల కంటే ఎలా వేరుగా చూశారో నలభై పేజీలు రాశాను. వాళ్లు లేని రోజుల్లో ఆ ఇళ్లలో పొయ్యి ఎవరు వెలిగించారన్న ప్రశ్న నాకు తట్టలేదు. గడప దాటడం మీదే నా చూపు ఉంది. గడప లోపల మిగిలినవాళ్లను నేను కూడా, మిగతా అందరిలాగే, ప్రయాణంలో భాగం అనుకోలేదు. బాపు బొంబాయి గదిలో కాచుకున్న ఇరవై రెండు రోజులు మా ఇంట్లో ఇప్పటికీ ఆయన ప్రయాణం కథలోనే వస్తాయి. అవే ఇరవై రెండు రోజులు అమ్మ కాచుకున్నది ఏ కథలోనూ రాదు. ఆయన రోజులూ ఆయనవి కావు, ఏజెంటువి. అది నిజమే. అయినా తేడా ఉంది.

బుధవారం పొద్దున ఇల్లు చేరాం. వదిన తలుపు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాయినమ్మ రెండు రాత్రులు అసలు పడుకోనివ్వలేదట. చాటలో బీడీలు కట్టలుగా పేర్చి ఉన్నాయి. లెక్క తప్పకుండా అమ్మ వంతువి కూడా వదినే చుట్టింది. అమ్మ సంచి కూడా దించకుండా నేరుగా నాయినమ్మ మంచం దగ్గరికి పోయి పక్క మార్చింది. నేను మాత్రం వదిన చేతులు చూస్తూ నిలబడిపోయాను. అమ్మకు ఒక ప్రయాణం ఇచ్చానని ఆ అయిదు రోజులూ నాలో నేను గర్వపడ్డాను. ఇచ్చింది నేను కాదు. నేను టికెట్లు కొన్నాను. రోజులిచ్చింది వదిన. ఆరో రోజు దొరికి ఉంటే అదీ ఆమె దగ్గరినుంచే వచ్చేది. మంచు గండంలోంచి బయటపడ్డామని ఆ వేళ నేను ఊపిరి పీల్చుకున్నానంటే, ఆ ఊపిరి కూడా ఆమెదే.

వదిన పుట్టిల్లు సిరిసిల్ల. తల్లిదండ్రులు మరమగ్గాల పనికి భీవండి పోయి అక్కడే స్థిరపడ్డారు. 2024లో ఆమె చెల్లెలి పెళ్లి కుదిరింది, అక్కడే. వదిన ఎప్పుడు పోతుందని ఫోన్‌లో అడిగితే, "పెండ్లినాడు పొద్దుగాల దిగుతం. ముందుగాల పోతే ఇక్కడ ఎట్ల?" అంది. మామూలుగా అంది. రాత్రి బస్సు, దారిలో ఏదన్నా అయితే ముహూర్తం ఆగదు. నాకు శంషాబాదు గేటు గుర్తొచ్చింది.

సెలవు పెట్టి మల్యాల పోయాను. పనులన్నీ వదిన నాకు ఒకసారి చూపించింది. నాయినమ్మను ఎటువైపు తిప్పితే నొప్పి లేదో, ఏ గిన్నెలో గంజి తాగుతుందో, రాత్రి ఏ వేళకు పిలుస్తుందో. పదేళ్లుగా సెలవులకు వచ్చిపోయే ఇంట్లో నాకు తెలియనివి ఇన్ని ఉన్నాయి. అమ్మ బీడీలు చుడుతూ, "గా పక్క గాదు, గీ పక్క" అని సరిచేసింది. వదిన పెళ్లికి రెండు రోజుల ముందే సిరిసిల్లలో భీవండి బస్సెక్కింది.

మర్నాడు మధ్యాహ్నం నాయినమ్మకు అన్నం తినిపిస్తుంటే ఫోన్ మోగింది. చేరావా, ఏం చేస్తున్నావని అడిగాను.

"ఏం జేస్తలే" అంది వదిన. ఆ మాట అనడం ఆమెకే కొత్తగా ఉన్నట్టు కాసేపు ఆగింది. "ఊకెనే కూసున్న. పెండ్లి రేపు గదా."